ఆ కెమెరాకు కీడు లేదు

మా పక్కింటి ఫోటోలాయన పోయాడు. చెనక్కాయలు పీకే రోజుల్లో, పొద్దున్నే కాఫీ తాగుతూ అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు వాలిపోయాడు. ఆయన కూతురు పెట్టిన కేకకు నేను పరిగెత్తాను. నేను పోయేసరికి గ్లాసులో కాఫీ ఇంకా వేడిగానే ఉంది. మనిషి లేడు.

మనిషి పోతే ఏడుస్తాం, ఊరుకుంటాం. నన్ను ఊరుకోనివ్వనిది ఆ తర్వాత పుట్టిన మాట. గ్రహణాన్ని ఫోటో తీశాడు కాబట్టి గ్రహణమే ఆయన్ని తీసుకుపోయిందన్నారు. అంతటితో ఆగలేదు. ఆ కెమెరాకు కీడు పట్టింది, శుభకార్యాలకు పనికిరాదన్నారు. తల్లి ఎప్పుడో పోయిన ఆ అమ్మాయి తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. రమ్మని ముందే చెప్పిన పెళ్ళివాళ్ళు వద్దని కబురు పంపారు. మడకశిర బస్టాండు దగ్గరున్న చిన్న స్టూడియోకు తాళం పడింది. ఆ పిల్లకు ఉన్నది ఆ కెమెరా ఒక్కటే.

అందుకే చెబుతున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. కూర్చోబుద్ధి కాక వాకిట్లో తిరుగుతూ చెబుతున్నాను. ‘మెల్లగా చెప్పవ్వా, చెయ్యి నొస్తాంది’ అంటోంది అది. మెల్లగా చెప్పే మాటైతే ఎప్పుడో చెప్పేదాన్ని.

ఆయన గొప్పవాడని చెప్పను. బీడీ కంపు కొట్టేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే మన గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పేవాడు, మనం ఏదో చెప్పుకుని ఏడుస్తున్నా సరే. పెన్షను కోసం ఫోటో దిగడానికి పోయినప్పుడు నేను కొయ్యలా కూర్చున్నాను. ‘నవ్వొద్దులే అవ్వా, నీకు రాదు. నన్ను తిట్టు, అప్పుడు నీ మొగం బాగుంటాది’ అన్నాడు. తిట్టాను. ఆ ఫోటో చూసి నా కొడుకే, అమ్మ ఇంత బాగుంటుందా అన్నాడు. గొర్రెలవాళ్ళు పొట్టేలును తోలుకొస్తే, అది తనంతట తాను తల ఎత్తేదాకా ఎండలో నిలబడేవాడు. ‘దాన్ని తొందరపెడితే దాని మొగం రాదన్నా, నీ కోపం వస్తాది ఫోటోలో’ అనేవాడు.

ఇప్పుడు గ్రహణం సంగతి. మొన్న భాద్రపద పున్నమి నాటిది. నేను ఆచారం వద్దనేదాన్ని కాదు. ఇంట్లో నీళ్ళ బిందెలో, పెరుగు చట్టిలో దర్భ వేశాను. వాకిట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టాను. గ్రహణం ఉన్నంతసేపు రోకలి తనంతట నిలుస్తుంది, విడిచాక పడుతుంది. మా అవ్వ కాలం నుంచీ అలాగే చూస్తున్నాం. నా మనవరాలు, ఈ రాసేదే, అప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. దాన్ని నడిమింట్లో పెట్టి కిటికీ మూశాను.

ఆయన మా వాకిట్లోనే, రోకలికి బారెడు దూరంలో, మూడు కాళ్ళ స్టాండు పెట్టాడు. వాళ్ళ వాకిట్లో వేపకొమ్మలు ఆకాశానికి అడ్డం. ఒకటే గాలి. స్టాండు ఊగకుండా గోనెసంచిలో రాళ్ళు నింపి దానికి వేలాడదీశాడు. కూతురు టార్చి పట్టుకుంది.

‘ఏమవ్వా, నీది ముందు పడుతుందా, నాది ముందు పడుతుందా?’ అన్నాడు.

‘నాదానికి దేముడుండాడు. నీదానికి రాళ్ళ సంచి ఉండాది. చూస్తాం’ అన్నాను.

చంద్రుడు తగ్గేకొద్దీ ఆయనకు ఓపిక పెరిగింది. మీట నొక్కి, చెయ్యి వెనక్కు తీసి, గాలి ఆగిందా లేదా అని చెవి పెట్టి వినేవాడు. ‘వెలుగు తక్కువైనప్పుడు కెమెరాను ఎక్కువసేపు చూడనియ్యాల. మనమే తొందరపడతాం’ అని కూతురికి చెప్పాడు. నేను మాత్రం ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. లోపల నుంచి మనవరాలు సణుగుతోంది. ‘ఊరంతా చూస్తాండారు. నేనేం పాపం చేసినా?’

ఆయన విన్నాడు. చంద్రుడు పూర్తిగా మునిగాక స్టాండు నుంచి కెమెరా విప్పి, కిటికీ దగ్గరికి వచ్చి నన్ను అడిగాడు.

‘అవ్వా, ఇది చంద్రుడు కాదు, బొమ్మ. బొమ్మ చూస్తే తప్పుందా?’

నేను ఆలోచించాను. మా పెద్దవాళ్ళు చంద్రుడి మాట చెప్పారు గానీ బొమ్మ మాట చెప్పలేదు. ‘చూపించు. నువ్వు మాత్రం ఆకాశానికి అడ్డంగా నిలబడు’ అన్నాను. కిటికీ రెక్క బెత్తెడు తెరిచాను. నా మనవరాలు ఊచల్లోంచి చూసింది. చంద్రుడు ఎర్రమట్టి ఉండలా ఉన్నాడు. ‘మన చేని మన్ను మాదిరే ఉండాడే’ అంది. ఆయన పసిపిల్లాడిలా మురిసిపోయాడు.

అప్పుడే వెనక రోకలి పడింది. పళ్ళెం మోగింది. ఎదురింటామె తన కిటికీలోంచి అందుకుంది. ‘గ్రహణం విడవకముందే పడింది. కడుపుతో ఉన్న పిల్లకు చూపించినారు, పడకేం చేస్తాది?’

నేను తిరిగి చూశాను. పళ్ళెంలో మూతి పెట్టి మేకపిల్ల నీళ్ళు తాగుతోంది. మెడలో తెగిన తాడు. అది ఎదురింటామె మేకపిల్లే.

‘అమ్మే, తోసింది నీ మేకపిల్ల. దిగి వచ్చి కట్టేసుకో’ అన్నాను.

‘గ్రహణంలో నేను బయటికి రాను’ అని కిటికీ వేసుకుంది. ఆమె తన కళ్ళతో చూసింది. చూసి కూడా, ఆయన పోయాక ఆ రోకలి మాటే ఊరంతా తిప్పింది. మేకపిల్ల మాట మాత్రం ఇంట్లోనే కట్టేసుకుంది.

ఆయన గుండెజబ్బు గ్రహణానికి ముందటిది. బెంగళూరు ఆసుపత్రిలో బీడీ మానమన్నారు. తగ్గించాడు గానీ మానలేదు. నేను తిట్టినప్పుడల్లా ‘ఇదే చివరిది అవ్వా’ అని చెవి వెనక ఇంకొకటి పెట్టుకునేవాడు. నింద వేయాలంటే ఆ బీడీ మీద వేయండి. చంద్రుణ్ణి వదిలేయండి.

ఆయన పోయాక కొన్నాళ్ళకు బిడ్డ పుట్టాడు. ఎదురింటామె వచ్చి, మొట్టమొదట పొత్తిగుడ్డ తీసి పెదవి చూసింది.

‘బాగా చూసుకో. మొర్రి ఉన్నా కుట్టే డాక్టర్లుండారు. నీ నోటికే ఎవరూ లేరు’ అన్నాను. ఆమె కాఫీ తాగకుండా పోయింది.

మూడో నెలలో తొట్టెల వేడుక అనుకున్నాం. ఫోటోలకు హిందూపురం నుంచి ఎవరినైనా పిలుద్దామన్నాడు మనవరాలి మొగుడు. నేను చెప్పులేసుకుని పక్కింటికి పోయాను. ఆ అమ్మాయి కెమెరాను పాత చీరలో చుట్టి పెట్టెలో పెట్టింది. అమ్మేస్తానంది.

‘రేపు మా ఇంటికి రా. అది తీసుకుని రా’ అన్నాను.

‘వద్దవ్వా. పసిబిడ్డ. రేపు ఏమన్నా అయితే నన్ను ఈ ఊళ్ళో బతకనిస్తారా?’

‘ఏమైతాది? పసిబిడ్డలకు జలుబైతాది. దానికీ నీ కెమెరానే అంటే, నా దగ్గరికి పంపు.’

‘నాయన ఉంటే ధైర్యంగా వచ్చేదాన్ని.’

‘మీ నాయన ఉంటే నిన్నెందుకు పిలుస్తాను? నువ్వుండావని పిలుస్తాండా.’

నిన్న వచ్చింది. కెమెరా కనబడగానే వాకిట్లో ఒకరిద్దరు బిడ్డల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. ఎదురింటామె లేచి గడప దాకా వచ్చి, నా ముఖం చూసి అక్కడే నిలబడింది. నేను పోయి ఆ పిల్ల భుజానికి భుజం ఆనించి నిలబడ్డాను. నా మనవరాలు తొట్టెలోంచి బిడ్డనెత్తి కెమెరా ముందుకు తెచ్చింది. కెమెరా నల్లటి అద్దంలో మా వాకిలి, పూలు కట్టిన తొట్టె, జనం, అన్నీ గోరంతగా కనిపించాయి. బిడ్డ వాటిని చూశాడో, మెరుపును చూశాడో, నోట్లోని పిడికిలి బయటికి తీసి, విప్పి, తడిగానే ఆ అద్దం మీద వేశాడు. ఆ పిల్ల తుడవడానికి పైట చెంగు ఎత్తి, మళ్ళీ దించేసింది. అయిదు చిన్న వేళ్ళ మరక అద్దం మీద ఉండగానే కన్ను ఆనించి మీట నొక్కింది.