సుబ్బరాయప్ప బావకు కాళ్లు కావాలి

ఫోటో చూపించగానే మా బావ సుబ్బరాయప్ప ముందు బొటనవేలితో పిట్ట మొహం మూసేస్తాడు. ఆ తర్వాతే చూస్తాడు. చూసేది కాళ్లు. కాళ్లు కనిపిస్తే పేరు చెబుతాడని కొత్తవాళ్లు ఆశపడతారు. చెప్పడు. ఆయన నోట పిట్ట పేరు విన్నవాళ్లు ధర్మపురి జిల్లాలో లేరు.

ఆయనకు బస్టాండు దగ్గర విత్తనాల కొట్టు. వానల తర్వాత మా చెరువుల్లో దిగే ఉల్లంకి పిట్టల ఫోటోలు పంచుకోవడానికి మాకొక వాట్సాప్ గ్రూపుంది. దానికి ఆయనే పెద్ద. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో చదివింది తమిళం, తెలుగు రాయడం చాలామందికి రాదు. అందుకే గ్రూపులో అన్నీ గొంతు మెసేజీలే. ఎవరో ఫోటో పెడతారు. వెనకాలే బావ గొంతు వస్తుంది.

"కాళ్లు తెలియలే. ఇంకో పటం తీ."

ఆయన వైపు న్యాయం లేకపోలేదు. లిటిల్ స్టింట్, టెమింక్ స్టింట్ అని రెండు రకాల చిన్న ఉల్లంకులున్నాయి. పిడికిట్లో పట్టేంత పిట్టలు. మొదటిదానికి నల్లకాళ్లు, రెండోదానికి పసుపు కాళ్లు. రెండూ నిలబడేది బురదలోనే. బురదలో అందరివీ నల్లకాళ్లే.

ఆ న్యాయం పిట్టల దగ్గర ఆగితే బాగుండేది. దేవిప్రియ ఆయన తమ్ముడి కూతురు. ఆమెకు సంబంధం వస్తే మా అక్క వెంకటలక్ష్మమ్మ పెళ్లికొడుకు ఫోటో తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. బొటనవేలు నేరుగా మొహం మీదికి పోయింది.

"ఏమయ్యో, మొగం చూడు!"

"నడుం దాకానే తీసినారే. కాళ్లు లేవు."

"ఇంజనీరుకు కాళ్లుంటాయి లేయ్యా!"

"ఉంటే చూపించేదానికేమి?"

రెండో ఫోటో తెప్పించారు. పిల్లవాడు బూట్లు వేసుకున్నాడు. ఆ పూట అక్క పొయ్యి వెలిగించలేదు.

నిరుడు అక్టోబరులో పాపిరెడ్డిపట్టి టీచరు కలైవాణి గ్రూపులో చేరింది. తన మొదటి ఫోటో పెట్టి "టెమింక్ స్టింట్, సార్" అంది. గొంతులో ఎంత సంతోషమో. వెంటనే బీమా ఏజెంటు లోకనాథన్ దిగాడు.

"నల్లకాళ్లు టీచర్! లిటిల్ స్టింట్. పిలకాయలకూ ఇట్లే చెప్తాండావా పాఠం?"

"బురద కావచ్చు కదా సార్?"

నవ్వు బొమ్మలు వరదలా వచ్చాయి. సాయంత్రానికి ఆమె గొంతు సన్నబడింది. "నాకిది చేత కాదు. రేపు గ్రూపు విడిచి పోతాను."

తీర్పు చెప్పమని అందరూ బావను అడిగారు. ఆయన చూశాడు. "కాళ్లు తెలియలే" అన్నాడు.

నాకు ఒళ్లు మండి కొట్టుకే వెళ్లాను. ఫోను మీది నుంచి ఆయన వేలు లాగేశాను. పిట్ట వీపు మీద నామం పెట్టినట్టు రెండు తెల్ల గీతలు. అవి లిటిల్ స్టింట్ గుర్తు. ఆ మాత్రం నాకూ తెలుసు.

"నామం కనపడలేదా బావా?"

"కనపడినాది."

"ఎప్పుడు?"

"చూడంగానే."

"మరి కాళ్లు, కాళ్లు అని మా ప్రాణం ఎందుకు తీస్తావు?"

ఆయన వేరుశనగ విత్తనాలు సంచిలో పోస్తున్నాడు. "పేరు చెప్తే ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడిపోతారు. ఓడినోళ్లు మళ్లా చెరువుకు పోరురా. తెలియలే అంటే ఇద్దరూ పోతారు."

"ఈ యమ్మ చెరువుకు పోదు. రేపు గ్రూపే విడిచి పోతుంది."

ఆయన చెయ్యి ఆగింది. నేను తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

మరునాడు పొద్దున్నే గ్రూపులో బావ పెట్టిన ఫోటో. కడత్తూరు చెరువులో, తేట నీళ్లలో ఒక ఉల్లంకి. బొగ్గులాంటి కాళ్లు. చుక్క బురద లేదు. కింద ఆయన గొంతు, గంభీరంగా:

"టెమింక్ స్టింట్. సందేహమే లేదు."

ఇన్నేళ్లుగా ఆకలితో ఉన్న గ్రూపు ఆయన మీద పడింది. "సుబ్బరాయప్పన్నా, కంటాస్పత్రికి పోదామా?" అన్నాడు లోకనాథన్. పెన్నాగరం నుంచి ఎవరో ఈల వేసి పంపారు. టీచరు ఫోటో ఎక్కడో పైకి కొట్టుకుపోయింది. చాలాసేపటికి కలైవాణి గొంతు వచ్చింది, మెల్లగా.

"తప్పుగా అనుకోవద్దు సార్. నల్లకాళ్లు. ఇందులో బురద కూడా లేదు."

"అవునమ్మా. నేనే ఓడిపోయినాను" అన్నాడు బావ. ఆ గొంతు వెనక చెరువులో ఉల్లంకుల కూతలు వినిపించాయి.