బోధన్ వాగొడ్డున నేను వెలయించిన దేవత

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. నోరు జారి ఏకంగా గుడి లేపినవాడిని చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

అరవైల్లో సంగతి. బోధన్‌లో వాగు ఒడ్డున ఉన్న పాత దిబ్బల్ని చదును చేసి బస్టాండు కట్టాలనుకున్నారు. తవ్వకంలో పాత శిల్పాలేమైనా బయటపడితే కాపాడమని పురావస్తు శాఖ నన్ను పంపింది. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. నా పనల్లా గొడుగేసుకుని, పార పడిన ప్రతి చోటా తొంగి చూడటం. కాంట్రాక్టరు నర్సింలుకు నేను చెప్పులో దూరిన రాయిలా ఉండేవాణ్ణి.

ఒకరోజు నిలువెత్తు స్తంభం బయటపడింది. ఒళ్ళంతా లతలు, నాట్యం చేసే బొమ్మలు! ఆనందం పట్టలేక హైదరాబాదుకు టెలిగ్రాం కొట్టాను. లారీ తీసుకుని వస్తానని, అందాకా దాన్ని కాపాడమని పెద్దసారు జవాబిచ్చారు.

కాపాడటమంటే మాటలా! కూలీలు దానిమీద గడ్డపారలు నూరుతారు. వాళ్ళను తరిమేసరికి చెరుకు బండ్లవాళ్ళు ఎడ్లను కట్టేస్తారు. ఎడ్లను విప్పించేసరికి రోజూ వాగులో బట్టలుతికే లచ్చవ్వ మూటతో తయారు.

"అవ్వా, దీనిమీద ఉతకొద్దు. పాత శిల్పం!"

"పాతదైతేంది బిడ్డా? నా చీర గూడ పాతదే."

"ఇది గవర్నమెంటుది!"

"వాగు మాత్రం ఎవలది? దాంట్ల ఉతుకుతలేనా?"

చుట్టూ తాడు కడితే ఆ తాడుమీదే బట్టలు ఆరేసింది. బోర్డు పెడితే ఎవరో పొయ్యిలో పెట్టుకున్నారు. అరిచి అరిచి నా గొంతు తుప్పు పట్టిన బోరింగు చప్పుడు చేస్తోంది. ఆ విసుగులో అనేశాను:

"అవ్వా! అది అమ్మవారు! ముట్టుకుంటే కండ్లు పోతయ్!"

లచ్చవ్వ చేతిలోని తడిచీర గాల్లోనే ఆగిపోయింది. లెంపలేసుకుని వెళ్ళిపోయింది. చదువుకున్నవాడి తెలివంటే ఇదీ అని మీసం దువ్వుకున్నాను. నవ్వకండి, మీసం నిజంగానే ఉండేది.

తెల్లారి చూస్తే స్తంభం లేదు. అంటే, ఉంది, పసుపు కింద ఉంది. జిల్లాలో పండిన పసుపంతా దానిమీదే పోసినట్టున్నారు. వేపమండలు, కొబ్బరికాయలు, డప్పులు! నర్సింలు పరుగెత్తుకొచ్చాడు.

"సారూ, అమ్మవారి జాగల తవ్వమని ఒక్కడు గడ్డపార వడ్తలేడు. నా బస్టాండు ఏం గావాలె?"

"ఆగు నర్సింలన్నా, నేను జెప్త," అని దిబ్బ ఎక్కాను. "వినుండ్రి! ఇది అమ్మవారు కాదు, ఉత్త రాయి!"

"నిన్న నువ్వే జెప్తివి గద!" అన్నారు అంతా.

"భయపడ్డడు పోరడు," అంది లచ్చవ్వ జాలిగా. "అమ్మ ముందుగాల గీయన నోట్లెకెళ్లే పలికింది. పూజ గీయనతోనే జేపియ్యాలె."

వద్దంటున్నా వినకుండా నన్ను పూజారిని చేసేశారు. సరిగ్గా అప్పుడే పెద్దసారు జీపు దిగారు. ఆయనకు కనిపించిందేమిటి? నుదుటినిండా బొట్టు, మెడలో బంతిపూల దండ, చేతిలో కొబ్బరికాయతో ఆయనగారి సిబ్బంది.

"ఏమిటయ్యా ఇది?"

"శిల్ప సంరక్షణ, సార్."

జీపు వెనకే వచ్చిన లారీని చూడగానే ఆడవాళ్ళంతా స్తంభం చుట్టూ కూర్చున్నారు. పెద్దసారు బతిమాలారు, బెదిరించారు, చివరికి ప్రసాదం తిన్నారు. స్తంభం అక్కడే ఉంటుందని, బస్టాండు గోడే పక్కకు జరుగుతుందని సాయంత్రానికి తేలింది. నర్సింలు నన్ను చూసిన చూపుకు నా దండలోని పూలు వాడిపోయాయి.

జీపెక్కబోతూ పెద్దసారు పళ్ళు నూరారు. "ఇంతకీ ఏ అమ్మవారని చెప్పి ఏడిచావు?"

"పేరు చెప్పలేదు సార్. మన పురావస్తు..."

"ఇన్నరా!" లచ్చవ్వ కేక వేసింది. "పురావస్తమ్మనట తల్లి!"

ఉద్యోగం ఊడలేదు గానీ, ఎవరితోనూ మాట్లాడే పనిలేని గోదాములో నన్ను పడేశారు. చాన్నాళ్ళకు బస్సులో అటు వెళ్తుంటే కండక్టరు అరిచాడు: "పురావస్తమ్మ గుడి! దిగేటోళ్లు దిగాలె!"

దిగాను. చేతులు జోడించి ఒట్టు పెట్టుకున్నాను: తల్లీ, ఇకపై ఏ రాయినీ దేవుడని అనను. ఆఖరికి ప్రమోషన్ కోసం పై అధికారిని కూడా!