బాబ్జీ గారి ‘ఎక్కడిదండీ?’

బాబ్జీ గారికి ఏది చూపించినా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలి. పెళ్లిభోజనంలో వంకాయ కూర వడ్డిస్తే, “ఇదెక్కడిదండీ?” అంటారు. “మార్కెట్‌దండీ” అంటే ఊరుకోరు. “మార్కెట్‌లో వంకాయలు కాయవు కదండీ!” బారసాలకు వెళ్తే, “పిల్ల ముక్కు ఎవరి వైపుదండీ?” అని రెండు వైపులవారికీ తగువు పెట్టి వస్తారు.

కొత్తపేట దగ్గర ఆయనకు కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కంప్యూటర్ చూసే దుర్గాశ్రీకి ఈ ప్రశ్న కలల్లో కూడా వినిపించేది. ఇంతలో విదేశీ కంపెనీ, బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి కంప్యూటర్ చిట్టా ఉంటేనే సరుకు కొంటామంది.

“సరుకు ఎవరి చేతికొస్తే వాళ్లు వివరాలు ఎక్కించాలండీ. ఆ నకలు అందరి దగ్గరా ఉంటుంది. ఏ ఒక్కరూ గుట్టుగా మార్చలేరు,” అని వివరించింది దుర్గాశ్రీ.

బాబ్జీ గారి మొహం వెలిగిపోయింది. “అచ్చం నాలాంటోడినే తయారుచేసేరన్నమాట! మరి అబద్ధం ఎక్కిస్తే?”

“అదీ చెరగదండీ.”

“అమ్మో!”

ఆ రోజు నుంచి ఆయన ప్రతి పీచుమోపులో స్వయంగా చెయ్యి పెట్టి, తేమ కొలిచాకే వివరాలు ఎక్కించనిచ్చేవారు. పైగా ‘నేసినవారు’ అనే గడి కూడా పెట్టించారు.

“కంపెనీకి పేర్లక్కర్లేదు, నంబరు చాలంటండీ.”

“నంబరు నేస్తుందా అమ్మా?”

ఒకసారి మ్యాట్లు బూజుపట్టి విదేశం చేరాయి. ఎగుమతి ఏజెంటు విచారించకుండానే, “నేతవాళ్లు తడి సరుకిచ్చారు, వాళ్లని మాన్పించండి,” అని తేల్చేశాడు. నేతషెడ్డులో పెద్దదైన మరియమ్మ మగ్గం ఆపి ఆఫీసుకొచ్చింది.

దుర్గాశ్రీ గబగబా కంప్యూటర్‌లో చిట్టా తెరిచింది. ఫ్యాక్టరీలో లారీ ఎక్కినప్పుడు సరుకు పొడి. ఓడరేవు గోడౌన్‌లో దిగినప్పుడూ పొడే. అక్కణ్ణుంచి ఓడ ఎక్కేటప్పుడు మాత్రం తడి!

గోడౌన్ మేనేజరు బాబ్జీ గారికి ఫోన్ చేసి గొంతు తగ్గించాడు. “ఆ ఒక్క అంకె సర్దేద్దామండీ.”

“నా చేతిలోనూ లేదు, మీ చేతిలోనూ లేదండీ. ఇంతకీ మీ గోడౌన్ కప్పు కారకపోతే ఆ నీళ్లు ఎక్కడివండీ?”

సంగతి తేలాక విదేశీ కంపెనీ నేతవాళ్లకు క్షమాపణ చెప్పింది. ఈసారి నేసినవారి పేర్లు మ్యాటు మీదే వేయమంటూ కొత్త ఆర్డరిచ్చింది. దుర్గాశ్రీ పొంగిపోయి ఆ మాట చెప్పడానికి షెడ్డుకు పరిగెత్తింది.

మరియమ్మ నవ్వింది. “బాబ్జీ గారి సంగతి నీకేం తెలుసమ్మా! మా చర్చి గుమ్మంలో నే నేసిన కాళ్లు తుడుచుకునే పట్టా చూసి, ఎవరు నేసేరని ఊరంతా అడుగుతూ మా ఇంటికొచ్చేరు. బాగుందని చెప్పడానికే వచ్చేరంట! పనిచ్చింది ఆ తర్వాతే. అంతకుముందు నా పేరడిగినోళ్లు లేరు.”

దుర్గాశ్రీ కొత్త ఆర్డరులో ఆమె పేరు ఎక్కించడానికి ఫోన్ తీసింది. మరియమ్మ కళ్లజోడు సర్దుకుని పక్కకొచ్చి నిలబడింది.

“స్పెల్లింగు చూసి కొట్టమ్మా, చెరగదంట.”