నా ఎత్తు బంగారం

మేం అమ్మను అవ్వ అంటాం, ఆమె అక్కను పెద్దవ్వ. మా పెద్దవ్వ కొడుకూ నేనూ ఒకే ఏడు పుట్టాం, అతను కొంచెం ముందు. వయసులో పెద్ద తేడా లేదు. నడుములో ఉన్న తేడా దర్జీకి తెలుసు. కరీంనగర్‌లో ఇద్దరికీ ఒకేసారి ప్యాంట్లు కుట్టించినప్పుడు అతని కొలత పైకి చదివాడు, నాది చప్పుడు చేయకుండా రాసుకున్నాడు. మంచి మనిషి.

పెద్దవ్వ కొడుకు తినకుండా సన్నగా ఉంటే నాకు బాధ ఉండేది కాదు. మేకకూరతో జొన్నరొట్టెలు లాగించి, గిన్నె తుడిచి, "చిన్నవ్వా, ఇంకోటి ఉన్నదా?" అని మా అవ్వను అడిగేవాడు. ఆ రొట్టెలన్నీ ఎటు పోయేవో తెలియదు. అతను తిన్నది నాకు వంటబడుతోందేమోనని నా అనుమానం.

ఇద్దరం బి.ఏ. పాసయ్యాం. అప్పుడు బయటపడింది అక్కాచెల్లెళ్లు కలిసి మొక్కిన మొక్కు: మేం పాసయితే వేములవాడ రాజన్నకు కొడుకుల ఎత్తు బంగారం. మా వైపు మొక్కుల్లో బంగారమంటే బెల్లం. తక్కెడలో ఒకవైపు మనిషి, ఇంకోవైపు బుట్టలోంచి తీసి పెట్టే బెల్లం ముద్దలు, చుట్టూ చుట్టాలు. అంటే దర్జీ దాచిన సంగతి గుడి ముందు తేలబోతోంది. అదీ అతని పక్కన.

ఇంకా నెల గడువుంది. అన్నం మానేసి అంబలి తాగాను. పొద్దున్నే మానేరు ఒడ్డున నడిచాను. నా ఆశ పెద్దదేం కాదు. అతని కంటే తేలిక కానక్కర్లేదు. నా వంతు వచ్చినప్పుడు "ఇంకో బుట్ట" అన్న కేక వినబడకపోతే చాలు.

"గీ పోరడు తింటలేడేంది?" అని అవ్వ పరేషాన్ అయింది.

"ఫికర్ చేయకు చిన్నవ్వా, నేనున్న గద," అంటూ పెద్దవ్వ కొడుకు నా కంచం తన ముందుకు లాక్కున్నాడు.

వేములవాడలో ముందు అతన్ని కూర్చోబెట్టారు. నాలుగు ముద్దలకే పైకి లేచాడు.

"అయ్యో బిడ్డా, కాలేజీల తిండి పెట్టలేనట్టున్నది," అని ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. న్యాయంగా ఆ కన్నీళ్లు నాకు రావాల్సినవి. అంబలి తాగింది నేను.

తర్వాత నా వంతు. ముద్దలు పడుతుంటే కళ్లు మూసుకున్నాను. తక్కెడ కదిలింది. కళ్లు తెరిస్తే కాళ్లు నేల మీద లేవు, బుట్టలో బెల్లం మిగిలే ఉంది. ఎవరూ కేకేయలేదు. పాసయినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

"ఆగుండ్రి," అన్నది అవ్వ. "గిదేం ఎత్తు? నేను మొక్కిన్నాడు నా కొడుకు గిట్ల లేకుండె. రాజన్న జూసింది నిండుగున్న పిలగాన్ని. గిప్పుడు ఎండబెట్టి తూకమేస్తే దేవుని ముంగట నా ముఖమేముంటది?"

"సరిపోయింది గదనే అవ్వా," అన్నాను పైనుంచి.

"నువ్వు సప్పుడు చేయకు."

మిగిలిన బెల్లమంతా వేయించింది. ఇంకా ఆమె మనసులో ఉన్న కొడుకు బరువు రాలేదు. గుడి ముందు అందరికీ వినబడేలా తనే అరిచింది: "ఇంకో బుట్ట తేండ్రి!"

చుట్టాలందరూ ఇటు తిరిగారు. నేను గాలిలో వేలాడుతున్నాను. కింద పెద్దవ్వ కొడుకు తన ప్రసాదం నములుతూ నిలబడ్డాడు.

"తమ్మీ, మీదికెళ్లి ఎట్ల కనబడుతున్నదిరా?"

"నీ నడుమే కనబడుతున్నది," అన్నాను.

అతను నవ్వి ఇంకో ముక్క విరుచుకున్నాడు. పైనుంచి చూస్తే ఆ నడుము ఇంకా సన్నగా ఉంది.