పెట్టె రిపేరుకు పోయిన నెల

అరవై ఎనిమిదిలో, ఎండాకాలం సెలవులు అయిపోయి బడులు తెరిచిన వారం, నన్ను గోదావరిఖనిలో కంపెనీ కాలనీ బడికి సంగీతం టీచరుగా వేశారు. నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో. మా నాన్న అక్కడి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో పాటలకు హార్మోనియం వాయించిన చెయ్యి నాది. ఆ చేతి పుణ్యాన, దాని మీద ప్యాసైన పరీక్షల పుణ్యాన ఈ ఉద్యోగం వచ్చింది. హోదాలో సంగీతం టీచరు, కుట్టు టీచరు, డ్రిల్లు మాస్టరు ఒకే మెట్టు. లెక్కల మాస్టరు సెలవు పెడితే ఆ క్లాసును మా ముగ్గురిలో ఎవరో ఒకరికి అంటగట్టేవారు. ఆ రోజు పిల్లలు ఎక్కాలను రాగం పెట్టి పాడేవారు.

చేరిన కొన్నాళ్లకే కాలనీ క్లబ్బు బాధ్యత చూసే వెల్ఫేర్ ఆఫీసరు కబురు పంపారు. బాయిల్లో పనిచేసేవాళ్లంతా కలిసి నాటకాలు ఆడతారని, వాళ్ల హార్మోనిస్టు ఊరు వదిలిపోయాడని, నేను వాయించగలనా అని అడిగారు. ఆడమనిషి నాటకానికి హార్మోనియం వాయించడం అక్కడ అప్పటిదాకా లేదు. మా ఆయన పేరు జాన్, బాయిలో ఓవర్‌మన్, అంటే ఒక షిఫ్టులో కింద జరిగే పనినంతా చూసుకునే మనిషి. ఆయన్ని అడిగితే, "వాళ్లంత మనోళ్లే గద. పో, వాయించు" అన్నాడు.

పద్యనాటకంలో హార్మోనిస్టు పని చూసేవాళ్లకు తేలికగా కనిపిస్తుంది. మేము వాడేది కాళ్లతో తిత్తి తొక్కే పెద్ద హార్మోనియం. నాటకాలవాళ్ల భాషలో అది ఉత్త 'పెట్టె'. గాలి పని కాళ్లు చూసుకుంటాయి కాబట్టి రెండు చేతులూ స్వరాల మెట్ల మీదే ఉంటాయి. నటుడి గొంతును బట్టి శ్రుతి ఇవ్వాలి. ఒకరిది ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరిది రెండు. ఆడ గొంతుకు ఐదున్నర దాకా పోవాలి. ఒకే రంగంలో ముగ్గురు పాడితే మూడు శ్రుతులు. నటుడు పద్యంలో ఒక పాదం పాడి, రాగం తీసి, ఊపిరి పీల్చుకునే సందులో హార్మోనిస్టు ఒక ముక్క వాయించాలి. ఆ ముక్క బాగుంటే నటుడికి ఊపు వస్తుంది, జనం 'వన్స్ మోర్' అంటారు. మా దగ్గర వన్స్ మోర్ రాకపోతే నాటకం ఆడనట్టే.

ఐదారేళ్లు బ్రహ్మాండంగా సాగింది. మా రాజు వేషం ఎప్పుడూ రాజేశానిదే. బాయిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను మీద డ్యూటీ అతనిది. చుట్టుపక్కల పల్లె మనిషి, గొంతు మాత్రం మైదానం చివరిదాకా మైకు లేకుండా వినిపించేది.

డెబ్బై నాలుగులో చలికాలం మొదలైనప్పుడు నా కథ అడ్డం తిరిగింది. క్లబ్బు మైదానంలో నాటకం. రాజేశం మొదటి పాదం పాడి, రాగం తీసి, షడ్జమం మీద దిగాడు. నేను అందుకోవాలి. నా వేళ్లు మెట్ల మీద పడకముందే, ముందు వరుసలో కూర్చున్న బొగ్గు కోసేవాళ్లు నేను వాయించబోయే ముక్కను నోటితో అనేశారు. "తానిన తానిన తననా!" మరుక్షణం నా వేళ్లు అచ్చం అదే వాయించాయి. మైదానమంతా ఘొల్లుమంది. కిరీటం పెట్టుకున్న రాజేశం కూడా నవ్వాపుకోలేక తెర వైపు తిరిగాడు.

వాళ్లు వెక్కిరించలేదు. ముద్దుగానే అన్నారు, వన్స్ మోర్ కూడా కొట్టారు. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా అవే నాలుగైదు ముక్కలను అటూ ఇటూ తిప్పి వాయిస్తున్నానని అప్పుడు తెలిసింది.

తర్వాతి నాటకంలో కొత్తగా వాయించాలని పంతం పట్టాను. పద్యం నడుమ ఎటో ఎగిరి, దిగాల్సిన చోట దిగలేకపోయాను. నన్ను నమ్ముకున్న రాజేశం నా వెంటే వచ్చి తను కూడా శ్రుతి తప్పాడు. అప్పటి నుంచి భయం పట్టుకుంది. పాత ముక్క వాయిద్దామంటే సిగ్గు, కొత్తది వాయిద్దామంటే వణుకు. ఈ రెండింటి నడుమ వేళ్లు నిజంగానే మొద్దుబారాయి. ఉంగరం వేలు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా లేచేది. ఇంతకుముందు కళ్లు మూసుకుని పలికించిన సంగతులకు ఇప్పుడు మెట్లు చూసుకోవాల్సి వచ్చేది.

నాకు తెలిసిన మందు సాధన ఒక్కటే. తెల్లవారి బడికి పోయేముందు క్లబ్బుకు వెళ్లి స్వరాల అలంకారాలను మూడు వేగాల్లో వాయించేదాన్ని. ఒంటరిగా ఉంటే వేగం వచ్చింది. నలుగురి ముందు కూర్చుంటే మళ్లీ మొదటికే వచ్చేది.

ఆ సమయంలోనే కొత్తగూడెంలో కంపెనీ బొగ్గు బాయిలున్న అన్ని ఏరియాలకూ నాటకాల పోటీ పెడుతున్నట్టు కబురొచ్చింది. మా జట్టు ఒక రాజు కథను సొంతంగా రాసుకుని తయారవుతోంది. వెల్ఫేర్ ఆఫీసరు నన్ను పిలిచి కుర్చీ వేయించి చాలా మర్యాదగా చెప్పారు. "మీరు అలసిపోయినట్టున్నారమ్మా. పోటీ రోజుకు వరంగల్ నుంచి ఒక హార్మోనిస్టును పిలిపిద్దాం. ఆయన చివర్లో వస్తారు. అప్పటిదాకా రిహార్సల్స్ మాత్రం మీరు చేయించండి" అన్నారు.

సరేనండి అని బయటికొచ్చాను. నాకు మొదట కలిగింది బాధ కాదు, గండం గడిచినంత హాయి. ఆ హాయికే నాకు భయం వేసింది. వాయించకపోతే బాగుండు అనిపించే చోటికి వచ్చానంటే, ఇక చేతిలో మిగిలింది ఎంత?

దానికి తోడు అదే వారంలో పెట్టె కూడా మొరాయించింది. మా ఊరి గాలిలో బొగ్గు పొడి ఎప్పుడూ ఉండేదే. అది లోపల స్వరం పలికే రీడ్ల కింద చేరితే కొన్ని మెట్లు గుయ్యిమంటాయి, కొన్ని అసలు పలకవు. విప్పి కడిగి, మళ్లీ శ్రుతి చేసే మనిషి హైదరాబాదులో ఉన్నాడు. నెల పడుతుందన్నారు. పెట్టెను గోనెపట్టాల్లో చుట్టి రైలుకు వేశారు.

ఆ సాయంత్రం మొదటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి నటులంతా క్లబ్బుకు వచ్చారు. పెట్టె లేదు, బడి హార్మోనియం బయటికి ఇవ్వరు, రిహార్సల్ వద్దు అన్నాను.

రాజేశం ఒప్పుకోలేదు. "పెట్టె లేకపోతే ఏంది టీచరమ్మా? నోటితోని చెప్పుండ్రి. మేం పట్టుకుంటం" అన్నాడు.

"నాది పద్యం పాడే గొంతు కాదు రాజేశం."

"మాది మాత్రం బొగ్గు వట్టిన గొంతు గాదా? కానియ్యుండ్రి."

మొదలుపెట్టాను. చర్చి పాటలు పాడిన సన్నని గొంతుతో, గద పట్టుకున్న రాజు పద్యాలు. మొదటి రోజు మంత్రి వేషం వేసే అతను నవ్వి నవ్వి కింద కూలబడ్డాడు. రెండో పాదానికే నాకు ఊపిరి అయిపోయింది. రాజేశం చేతులు కట్టుకుని, "ఇగ జూడుండ్రి, మా తిప్పలేందో" అన్నాడు. అతనికి ఊపిరి ఎక్కడ అందదో నా ఛాతీకి తెలిసింది ఆ రోజే. అంతకుముందు ఆ చోటనే నేను నా ముక్క తొందరగా ముగించి అతన్ని తరిమేదాన్ని.

రేపటి పద్యాలు ముందురోజు ఇంట్లో పాడుకోక తప్పేది కాదు. కాలనీ క్వార్టర్ల గోడలు పలుచన. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో యుద్ధం ప్రకటిస్తుంటే, నైట్ షిఫ్టు దిగి పడుకున్న మా ఆయన దుప్పటి కప్పుకునే వచ్చి నిలబడ్డాడు. "రాజు యుద్ధానికి పోతే పోనియ్యి గని రూతూ, జర సప్పుడు గాకుండ పొమ్మను" అన్నాడు. ఆ తర్వాత తనే గడప మీద కూర్చుని, ఆ రాజుకు అంత కోపం ఎందుకని అడిగాడు.

కథ చెప్పాను. తమ్ముడు అలిగి శత్రువుల పక్షం చేరాడు. ఆ తమ్ముడితో రాజు మాట్లాడే పద్యం అది. మొదటి రెండు పాదాలు కోపం. మూడో పాదం, 'నన్ను విడిచి నువ్వు ఉండగలవా' అని అడగడం.

"అడిగినంక ఎదుటోడు ఏమంటడో సూస్తం గద" అన్నాడు మా ఆయన మామూలుగా, మళ్లీ పడుకోవడానికి పోతూ.

మళ్లీ పాడి చూశాను. మూడో పాదం అయ్యాక గొంతు తనంతట తనే ఆగిపోయింది. అడిగిన మనిషి జవాబు కోసం ఆగుతాడు. ఇన్నాళ్లూ అక్కడ నేనేం చేశాను? మిగతా పాదాల తర్వాత వాయించినట్టే అక్కడా రాజు గెలిచినంత ఆర్భాటంగా వాయించేదాన్ని. పద్యం ఏం చెబుతోందో నా వేళ్లు ఎన్నడూ వినలేదు. సందు కనిపిస్తే నింపడం ఒక్కటే వాటికి తెలుసు.

ఆ నెలంతా ప్రతి పద్యాన్నీ పాడాను. ఎక్కడ కోపం, ఎక్కడ బతిమాలడం, ఎక్కడ ఊరుకోవాలి, అన్నీ గొంతుతోనే తెలుసుకున్నాను. కొత్త ముక్క కోసం వెతకడం మానేశాను. పద్యం పాడిన ప్రతిసారీ దాని వెంట రావలసిన నాలుగు స్వరాలు వాటంతటవే నోట్లోకి వచ్చేవి.

పోటీకి కొద్దిరోజుల ముందు పెట్టె తిరిగొచ్చింది. కూర్చున్నాను. ఉంగరం వేలు ఇంకా కొంచెం బద్ధకంగానే ఉంది. కానీ ఏం వాయించాలో నాకు తెలుసు. చెప్పాల్సిన మాట తెలిస్తే వేలు కూడా దారికొస్తుందని రెండు మూడు రోజుల్లో అర్థమైంది. వెల్ఫేర్ ఆఫీసరు దగ్గరికి నేనే పోయి, పోటీకి నేనే వాయిస్తానని చెప్పాను. ఆయన సాయంత్రం రిహార్సల్‌కు వచ్చి చివరిదాకా కూర్చున్నారు. లేచేటప్పుడు, "వరంగల్‌కు వద్దని కబురు పంపిస్తానమ్మా" అన్నారు.

కొత్తగూడెంలో మైదానం నిండిపోయింది. నాటకం సగానికి వచ్చేసరికి తమ్ముడి పద్యం వచ్చింది. రాజేశం మూడో పాదం అడిగాడు. నేను మెట్ల మీద చేతులుంచి ఊరుకున్నాను. ఒక్క ఊపిరి గడిచింది, రెండు గడిచాయి. నాలుగో పాదం రాలేదు. తలెత్తి చూస్తే రాజేశం కళ్లు నా మీదే ఉన్నాయి. మర్చిపోయాడు.

ఆ పాదం నేను వంటింట్లో ఎన్నిసార్లు పాడానో లెక్క లేదు. అక్షరం అక్షరానికీ స్వరం వేసి, మాట్లాడినట్టుగా, నెమ్మదిగా వాయించాను. సగం దాటకముందే రాజేశం కళ్లు మెరిశాయి. ఆ చివరిని పట్టుకుని, పాదం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. జనానికి అది తమ్ముడు లోపల కుమిలిపోతున్నట్టు తోచిందట. పద్యం చివరిదాకా పాడాడు. ఆ తర్వాత, వన్స్ మోర్.

తెర దిగాక రాజేశం కిరీటం తీసి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "టీచరమ్మా, మీ పెట్టె మాట్లాడింది. నాకు మాట అందిచ్చింది" అన్నాడు.

"మతికి రాకపోతే ఏం చేద్దామనుకున్నవ్?"

"ఏముంది? తమ్మున్ని పట్టుకుని ఏడుద్దమనుకున్న. ఏడుపుకు పద్యం అక్కర లేదు గద!"

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఆ ఊరి జట్టే తీసుకుంది, వాళ్లు బాగా ఆడారు. జడ్జీలు మాట్లాడినప్పుడు హార్మోనియం ఊసే ఎత్తలేదు. మా పనిలో అది మెప్పు కిందే లెక్క.

ఆ తర్వాత కూడా చెయ్యి మొండికేసిన కాలాలు నాకు వచ్చాయి. చేతిని ఇంకా ఎక్కువ తోమితే అది దారికి రాదని మాత్రం అప్పటికి తెలుసు. పెట్టె మూసి, వాయించాల్సింది నోటితో పాడుకుని, అది ఏం చెబుతోందో తెలిశాకే మూత తీసేదాన్ని. రిటైరయ్యేదాకా పిల్లలకూ అదే వరస పెట్టాను. పాడలేని పాటను ఎవరినీ వాయించనివ్వలేదు.