అత్తమ్మ కొప్పులో టెస్టరు

కమలాబాయి అత్తమ్మ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని కాదు, నీళ్ళ నల్లాను పలకరిస్తుంది. కొప్పులోంచి కరెంటు టెస్టరు లాగి నల్లాకు ఆనిస్తుంది. టెస్టర్లో బుడ్డి దీపం వెలగకపోతేనే "అందరు మంచిగున్నరా?" అంటుంది. వెలిగితే ఆ ఇంట్లో చాయ్ కూడా ముట్టదు. అలాంటి మనిషి టెస్టరును, శృతి అక్క కోసం పెళ్ళికొడుకు ఇల్లు చూడబోయే రోజే నేను కొట్టేశాను. నా తెలివితక్కువ పనులన్నింటిలో దానికే పెద్దపీట.

అత్తమ్మ మా నాయినకు అక్క. మేడ్చల్‌లో మాతోనే ఉండేది. అంతకుముందు పేట్ బషీరాబాద్‌లో కిరాయికున్నప్పుడు, బిందె పెట్టబోతే నల్లా షాక్ కొట్టిందట.

"కొట్టుడు గాదురా, పట్టుకున్నది. ఇడిసిపెట్టలే" అని మమ్మల్ని సరిదిద్దేది.

అప్పటినుంచి నల్లా పైపుకు పచ్చ వైరు చుట్టి, రెండో కొసను భూమిలోకి దించితే తప్ప ఆమెకు నిద్ర రాదు. మా పెరట్లో గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ నింపి ఎర్త్ పెట్టించింది. ఎండాకాలం మేమంతా ట్యాంకర్ దగ్గర తన్నుకుంటుంటే, ఆమె ఎర్త్ ఎండిపోకూడదని దర్జాగా ఓ బిందె ఆ గుంతలో కుమ్మరించేది.

"అత్తమ్మా, తాగనీకే లేవు. గుంతకు పోస్తవా?"

"మీకు దూపయితే ఒర్లుతరు. గా గుంతకు నోరున్నదా?"

తొంభై ఎనిమిదిలో అక్కకు షామీర్‌పేట అబ్బాయి అరుణ్ సంబంధం వచ్చింది. అక్క ఒప్పుకోవడం కాదు, మురిసిపోయింది. ఇక పెద్దలు ఇల్లు చూసి రావడమే మిగిలింది. ఆ పొద్దున అక్క నన్ను గోడకు నిలబెట్టింది.

"తమ్మీ, అత్తమ్మ ఆడ టెస్టర్ తీసిందో, నీ సంగతి జెప్త."

అత్తమ్మ కునుకు తీస్తుంటే టెస్టరు లాగేసి, దాని జాగాలో పెన్సిలు గుచ్చాను. భలే పని చేశాననుకున్నాను.

షామీర్‌పేటలో అరుణ్ తల్లి సిద్దమ్మ మోటరు పెట్టి, కాళ్ళు కడుక్కోమని నల్లా చూపించింది. అత్తమ్మ కొప్పులో చెయ్యి పెట్టింది. పెన్సిలు వచ్చింది. పెన్సిలును చూసింది. నన్ను చూసింది. నేను ఆకాశంలో లేని కాకిని చూశాను. టెస్టరు లేకపోతే ఊరుకుంటుందా? చేతి వెనకవైపుతో నల్లాను తాకి చూసింది.

"ఓ నాయినో!"

ఎగిరి మా నాయిన మీద పడింది. నాయిన పండ్ల బుట్ట మీద పడ్డాడు.

సిద్దమ్మ చలించలేదు. "గంతేనా? జర సుర్రుమంటది. చెప్పులేసుకొని తిప్పాలె. మాకు అలవాటే."

"సచ్చుడు గూడ అలవాటేనా? గీ ఇంట్ల మా పిల్లనియ్యం!"

"ఇయ్యకుండ్రి! నల్లకు వంకలు వెట్టే సుట్టాలు మాకొద్దు!"

చాయ్ చల్లారింది. మేం బస్సెక్కాం. ఇంటికి రాగానే అక్క ఏడుస్తూ అత్తమ్మను కడిగేసింది. "నా పెండ్లిని గా నల్లకు కట్టి ఆరేసినవ్!" తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు పెన్సిలు చెక్కుకుంట కూసో!"

తెల్లారేసరికి అత్తమ్మ లేదు. గడ్డపార లేదు, పచ్చ వైరు చుట్ట లేదు. ఆమె పెళ్ళిలో తలంబ్రాలు పోసిన రాగి తాంబాళం కూడా లేదు.

"షామీర్‌పేటకే వోయుంటది. జల్దీ ఉరుకు, ఇంకేం లొల్లి జేస్తదో!" అన్నాడు నాయిన.

నేను వెళ్ళేసరికి సిద్దమ్మ పెరట్లో అత్తమ్మ నడుము లోతు గుంతలో ఉంది. గట్టున సిద్దమ్మ నిప్పులు కక్కుతోంది.

"నా ఇంట్ల గుంత తవ్వుమని ఎవలన్నరు?"

"ఎవలనాలె వదినె? మా పిల్ల రేపు వస్తదో రాదో. దినాం గా నల్ల పట్టేది నువ్వేనాయె. నీది పాణం గాదా?"

సిద్దమ్మ గట్టున చతికిలబడింది. "చెప్పులేసుకో అన్నోళ్ళే గని, గీ మాట ఒక్కలన్న అనకపోయిరి" అని లోపలికెళ్ళి ఉప్పు జాడీ తెచ్చింది.

ఎర్త్ గుంత అడుగున పెట్టే రాగి పలకకు బదులుగా అత్తమ్మ తాంబాళం నా చేతికిచ్చి దానికి వైరు బిగించమంది.

"అత్తమ్మా, గిది నీ పెండ్లిది! మట్టిల పెడ్తవా?"

"పెండ్లి కోసమే గదరా పెడ్తున్న."

నాకు తెలిసిన కరెంటు పనంతా సొంతంగా, షాకులు తిని నేర్చుకున్నదే. మెయిన్ బంద్ చేసి, పైపుకూ తాంబాళానికీ పచ్చ వైరు బిగించాను. గుంత పూడ్చి నీళ్ళు పోశాం. మెయిన్ వేసి మోటరు పెట్టగానే ఫ్యూజు ఠప్పున పోయింది.

"ఇల్లు కాలిందా?" అని కేకేసింది సిద్దమ్మ.

"లేదు వదినె. దొంగ దొరికిండు."

మోటరు వైరు తోలు ఒరుసుకుపోయి పైపుకు తగులుతోంది. ఇన్నాళ్ళూ సిద్దమ్మ చేతిలోకి పాకిన కరెంటు ఇప్పుడు నేరుగా భూమిలోకి పోయి ఫ్యూజును లేపేసింది. ఆ వైరు మార్చి, ఫ్యూజు వేసి మోటరు మళ్ళీ పెట్టాను. అత్తమ్మ నా జేబులోంచి టెస్టరు లాక్కుని పరీక్షించి తలూపింది. సిద్దమ్మ చెప్పులు విప్పి, భయంభయంగా నల్లా తిప్పి, ధార కింద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"సల్లగున్నయ్" అంది. తర్వాత కళ్ళు తుడుచుకోకుండానే, "ఇగ పోరిని ఎప్పుడు తోలిస్తరు?" అంది.

పెళ్ళయింది. ఇప్పుడు సిద్దమ్మ కొప్పులోనూ టెస్టరే. వదినెలిద్దరూ వస్తున్నారంటే చుట్టాలు ముందు నల్లాలు చూసుకుంటారు.

రెండు వేల ఆరులో అక్కా బావా గుండ్లపోచంపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం రోజు అత్తమ్మ కొప్పులోంచి మళ్ళీ టెస్టరు కొట్టేసి, గోడవైపు చూపించాను.

"అన్ని ప్లాస్టిక్ పైపులే అత్తమ్మా, కరెంటు పారదు. ఇగ నీ టెస్టర్‌కు రిటైర్మెంటే!"

అత్తమ్మ పైపును చూసింది. నన్ను చూసింది. చెయ్యి చాపింది.

"పైపు ప్లాస్టిక్‌దే పోరడా. నీళ్ళు గూడ ప్లాస్టిక్‌వేనా? తే ఇటు!"