జలుబు చేసిన విజిల్

దయ్యాలను నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. కారణం లేకుండా ఏదీ జరగదని, దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెబుతుంటాను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

అయితే ఇది రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు. నన్ను పొగిడినవాళ్ళలో కొందరు ఇల్లు మారి వెళ్ళిపోయారు. వాళ్ళు ఇప్పటికీ నాకు లేని గొప్పతనాన్ని నాకు అంటగడుతున్నారు. అది సరిచేయాలి.

మేముండేది హైదరాబాద్ శివార్లలోని గోపన్‌పల్లిలో. చలికాలం వస్తే మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని కుటుంబాలు ఆదివారం పొద్దున్నే గుట్టల్లో నడవడానికి వెళ్తాయి. టవర్లు ఇంకా మింగని బండరాళ్ళు అటువైపు కొన్ని మిగిలాయి. పిల్లలు బండలెక్కుతారు, పెద్దవాళ్ళు ఆయాసపడతారు, చివర్లో ఫ్లాస్కుల్లో టీ, డబ్బాల్లో ఉప్మా. సిగ్నల్ అందదు కాబట్టి ఆ కాసేపు ఫోన్ గోల కూడా ఉండదు.

దీన్ని మొదలుపెట్టింది మా కింది ఫ్లోరు యాదగిరి. సిద్దిపేట వైపు మనిషి, బ్యాంకులో పని. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. అందరికన్నా ముందు ఆయన నడుస్తాడు, అందరికన్నా వెనక 'తోక' నడుస్తాడు. తోకగా వారానికొకరు. తోక వెనక ఎవరూ మిగలకూడదు. యాదగిరి ఆగి ఒకసారి విజిల్ ఊదితే తోక రెండుసార్లు బదులు ఊదాలి. అందరూ నా ముందే ఉన్నారని దాని అర్థం. విజిల్ వినబడగానే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఆ భరోసాతోనే పెద్దవాళ్ళు పిల్లల చేతులు వదిలేవాళ్ళు.

తోకకిచ్చే విజిల్‌లో గింజ ఎప్పుడో ఊడిపోయింది. అది గొంతు పట్టేసినట్టు బొంగురుగా మోగేది. "దీనికి జలుబు చేసిందండీ, కాస్త ఆవిరి పట్టించండి" అని అన్నపూర్ణ గారు ఏడిపించేవారు. ఆవిడ కాకినాడలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై, కొడుకు కిరణ్ దగ్గర ఉంటున్నారు. చీర మీద బూట్లు వేసుకుని, మనవరాలు మేధను తీసుకుని ప్రతి ఆదివారం వచ్చేవారు. చీర మీద బూట్లేమిటని ఎవరో నవ్వితే, "చీర చూసి రాళ్ళు మెత్తబడతాయా?" అన్నారు. కిరణ్‌కు ఆదివారం నిద్ర ముఖ్యం. నానమ్మకూ మనవరాలికీ వారం మొత్తంలో అదే పండగ.

ఆ ఆదివారం తోక వంతు నాది. కొద్దిగా మంచు ఉంది. ఆఫీసులో ముందురోజు నుంచి ఏదో సమస్య నడుస్తోంది, నేను ఫోన్‌లో దొరకాలి. దారి పక్కన ఎత్తయిన బండ ఒకటుంది, దాని మీద సిగ్నల్ వస్తుంది. రెండు నిమిషాల పనే కదా అనుకుని, ఎవరికీ చెప్పకుండా అడ్డదారిన ఎక్కేశాను. విజిల్ నా ప్యాంటు జేబులో ఉంది.

రెండు నిమిషాల్లో అయ్యే పని కాదది. నేను మాట్లాడుతుండగానే కింద వరుస నన్ను వదిలి చాలా ముందుకు పోయింది. యాదగిరి ఆగి విజిల్ ఊదడం పైనుంచి నాకు కనబడింది. కంగారుగా జేబులో చెయ్యి పెట్టాను. విజిల్ వేళ్ళకు తగిలింది.

అప్పుడే వెనకనుంచి బదులొచ్చింది. రెండుసార్లు. బొంగురుగా.

మా వాళ్ళందరూ ముందున్నారు. నేను బండ మీద ఉన్నాను. వెనక ఎవరూ ఉండడానికి వీల్లేదు. నా విజిల్ నా చేతిలోనే ఉంది.

అంతలో కింద అన్నపూర్ణ గారు వెనక్కి తిరిగి మేధను పిలవడం వినబడింది. ఇంకో రెండు పిలుపులకు ఆవిడ గొంతు మారిపోయింది. నేను ఫోన్ కట్ చేసి, విజిల్ వినబడ్డ వైపు పరుగెత్తాను. మధ్యలో అది మళ్ళీ మోగింది. అది మోగకపోతే రెండు బండల మధ్య ఉన్న చీలికలోకి తిరిగేవాణ్ణి కాదు.

ఆ చీలిక దాటితే పాత క్వారీ గుంట. లోతుగా నీళ్ళున్నాయి. అంచుకు ఇవతల మేధ కదలకుండా నిలబడి ఉంది. ఏడవడం లేదు. తూనీగ వెంట వచ్చిందట.

"విజిల్ వినబడింది కదంకుల్, అందుకే ఆగిపోయా. మీరు నా పక్కనే ఊదారు. మరి కనబడలేదేం?"

నేను ఆ పిల్లను ఎత్తుకున్నాను. చుట్టూ చూశాను. అడుగుల చప్పుడు కూడా లేదు.

యాదగిరి వాళ్ళు వచ్చేసరికి నా చంకలో పిల్ల, చేతిలో విజిల్. "మంచిగ ఊదినవ్ అన్నా. లేకుంటే ఏమయ్యేదో" అన్నాడు యాదగిరి. నేను తలూపాను. నా అబద్ధం అంతే, తలూపడం. ఆ తర్వాత అది దానంతటదే పెరిగింది. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ గ్రూపులో నాకు దండాలు. పిల్ల పక్కకు జారుకోవడం గమనించి వెనక్కి వెళ్ళానని కూడా ఎవరో రాశారు. నేను కాదనలేదు.

నేను గమనించానంటే, నానమ్మ గమనించలేదని అర్థం. కిరణ్ అదే పట్టుకున్నాడు. అమ్మతో పిల్లను ఇక గేటు దాటి పంపనన్నాడు.

కొన్ని వారాలకు, ఒక ఆదివారం పొద్దున లిఫ్టులో అన్నపూర్ణ గారు కనబడ్డారు. చేతిలో పాల ప్యాకెట్, కాళ్ళకు చెప్పులు. నన్ను నిందించడానికి కాదు, ఎవరితోనైనా చెప్పుకోవాలన్నట్టు అన్నారు: "వెనక మీరున్నారు కదా అనే చెయ్యి వదిలానండీ. ఆ మాట మావాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కట్లేదు."

నేను బూట్ల లేసులు కట్టుకోకుండానే సెల్లార్‌లోకి దిగాను. నడకకు బయల్దేరాల్సిన అందరూ అక్కడే ఉన్నారు. కిరణ్‌కు ఫోన్ చేసి కిందికి రమ్మన్నాను. అన్నపూర్ణ గారినీ పిలిచాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనక నేను లేనని, ఫోన్ కోసం పోయానని, పెద్దావిడ తప్పు ఏమాత్రం లేదని చెప్పాను.

కిరణ్ నావైపు చూసిన చూపు నాకు తగినదే. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, బూట్లేసుకుని రా. మేధను లేపు. నేనూ వస్తా."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. పాల ప్యాకెట్ నా చేతిలో పెట్టి లిఫ్టెక్కారు.

అందరూ కుదురుకున్నాక యాదగిరి నెమ్మదిగా అడిగాడు. "గది సరే అన్నా. మరి ఊదిందెవరు?"

తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

తర్వాత నేను మా ఆవిడను తీసుకుని అక్కడికి వెళ్ళాను. యాదగిరి ఆగిన చోట ఆవిడ ఆయన విజిల్ ఊదింది, నేను బండ మీద నిలబడి విన్నాను. ప్రతిధ్వని వస్తుంది, నిజమే. కానీ ఒక్కసారే, అదీ స్పష్టంగా, ఊదిన విజిల్ గొంతుతోనే. క్వారీ వైపునుంచి అసలు రాదు. పిట్టలేమో అనుకున్నాను, ఇంకెవరో నడిచేవాళ్ళేమో అనుకున్నాను. మా లెక్క ప్రకారం రెండుసార్లు, ఆ జలుబు గొంతుతో, ఎవరు ఊదుతారు?

ఇప్పుడు తోక ప్రతి వారం అన్నపూర్ణ గారే. యాదగిరి కొత్త విజిల్ తెస్తే ఆవిడ తీసుకోలేదు. పాతదే మెళ్ళో వేసుకున్నారు. కిరణ్, మేధ ఆవిడకు ముందు నడుస్తారు. బదులు ఊదాక ఆవిడ వెంటనే కదలరు, వెనక్కి తిరిగి కాసేపు చూస్తారు. ఎవరికోసమని నేనొకసారి అడిగాను.

"ఎవరైతేనేమండీ, మన పిల్లను ఆపారు" అన్నారు.

అంతకు మించి నాకూ తెలియదు. నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే. ఆ రోజు ఊదింది నేను కాదు.